రెండో డ్రైవరు

ఆ చలికాలమంతా సాయంత్రం అయిదున్నరకి మేమిద్దరం ఇటలీ వెళ్లేవాళ్లం. బడి నుంచి వచ్చి, మొహం కడుక్కుని, నేను టీ పెట్టేదాన్ని. సైట్ నుంచి వచ్చిన దుమ్ము చొక్కాతోనే మావారు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచేవారు. నిన్న ఏ మలుపు దగ్గర ఆగామో సరిగ్గా అక్కడి నుంచే మళ్లీ బయలుదేరేవాళ్లం. ఎవరో కారు మీద కెమెరా పెట్టుకుని ఆ దారులన్నీ ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు కదా, ఆ ఫొటోల్లో బాణం గుర్తు నొక్కుకుంటూ పోతే రోడ్డు మన కిందకి జరుగుతూ వస్తుంది. ఒక్కో నొక్కుకి పది గజాలు. అలా పది గజాలు పది గజాలుగా మేం టస్కనీ కొండలన్నీ తిరిగాం.

మస్కట్‌కి రెండు గంటల దూరంలో, నిజ్వాలో మా ఇల్లు రెండో అంతస్తు. బల్ల దగ్గర కూర్చుంటే కిటికీలోంచి ఖర్జూరం తోటల తలలు, వాటి వెనక మట్టిరంగు కొండలు కనిపిస్తాయి. ఆ కొండల మీద మచ్చుకి ఒక్క పచ్చని ఆకు ఉండదు. తెర మీద మాత్రం దువ్వెన పెట్టి దువ్వినట్టు వరసలు తీరిన ద్రాక్షతోటలు, మధ్యలో ఒక తెల్లటి మట్టిబాట, దూరంగా కొండ నెత్తిన చుట్టూ గోడ కట్టుకుని కూర్చున్న చిన్న ఊరు. ఇక్కడ మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ వినిపించి చీకటి పడిపోయేది. అక్కడ ఎప్పుడు చూసినా మిట్టమధ్యాహ్నమే. ఆ ఎండలో కళ్లు చికిలించుకుంటూ ఎంతసేపు తిరిగినా అలసట ఉండేది కాదు. టీ చల్లారిపోయిన సంగతి కూడా తెలిసేది కాదు.

మావారు రోడ్ల ఇంజనీరు. ఇరవై ఏడేళ్లుగా ఈ దేశంలో రోడ్లు వేస్తున్నారు. సువైక్ దగ్గర ఖర్జూరం తోటల పక్కనుంచి, ఖబూరా వైపు సముద్రం వాసన తగిలే చోట్ల, ఇటు కొండల్లో వాగులు దాటుతూ, ఎక్కడికి వెళ్లినా ఆయన వేసిన ముక్క ఏదో ఒకటి తగులుతుంది. తగిలిందా, ఇక ఆ ప్రయాణం ప్రయాణం కాదు. ఇక్కడ నీరు నిలుస్తోంది, అక్కడ అంచు కుంగింది, ఈ వంపు ఇంకొంచెం విప్పి ఉండాల్సింది అని తనని తాను తిట్టుకుంటూ నడుపుతారు. ప్రతి వేసవి సెలవులకీ కాకినాడ వెళ్లే మేము ఈసారి ఇటలీ అనుకోవడానికి కారణం అదే. నేను వెయ్యని రోడ్డు మీద, ఎవరి తప్పూ వెతక్కుండా, ఒక్క వారం బండి నడపాలి అన్నారు. పెళ్లయిన ముప్ఫయ్యేళ్లలో ఆయన నోరు తెరిచి నాకు ఇది కావాలి అని అడిగినది ఇదొక్కటే.

మా చెల్లెలు ఫోన్లో ఒకటే నవ్వు. చుక్క ముట్టని మొగుడూ పెళ్లాలు వైన్ ఊళ్లు చూడబోవడం ఏమిటే అంది. ద్రాక్షతోటలు చూడ్డానికి తాగాలని ఏమన్నా ఉందా అన్నాను. గోంగూర పచ్చడి, కందిపొడి కూడా సర్దుకుంటున్నామని చెప్పాక ఇంకా నవ్వింది. నవ్వితే నవ్వనీ. దాని మొగుడు దాన్ని అన్నవరం దాటించి ఎరగడు.

మావారు ఒక తెల్లకాగితం మీద పెన్సిలుతో దారి రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ఫ్లోరెన్స్‌లో దిగి కారు తీసుకోవడం, అక్కడి నుంచి కోర్తోనా, మోంటెపుల్చానో, పియెంజా, మోంటాల్చినో, సియెనా, సాన్ జిమిన్యానో, మళ్లీ ఫ్లోరెన్స్. పాలు తీయడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ పేర్లు పైకి చదివేదాన్ని. మోంటెపుల్చానో అనేది మాత్రం నోరు తిరగడానికి వారం పట్టింది. బళ్లో నాలుగో తరగతి పిల్లలకి ఎక్కాలు చెబుతూ మధ్యలో ఎక్కడో ఆ గోడల ఊళ్లోకి వెళ్లిపోయేదాన్ని. మేడమ్, ఏడెనిమిదులు రెండుసార్లు చెప్పారు అని పిల్లలు పట్టుకుంటే గానీ తిరిగి వచ్చేదాన్ని కాదు.

అదంతా ఒక పక్క. ఇంకో పక్క ఒక సంగతి ఉంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

ఆ శీతకాలం మొదట్లోనే మస్కట్‌లో కంటి డాక్టరమ్మ చెప్పింది. నీటికాసులు అంటారే, అది. నొప్పి పెట్టదు, ఎర్రబడదు, చెప్పాపెట్టకుండా పక్కచూపు తినేస్తూ వస్తుంది. కుడి కన్ను ఇంకా బాగానే ఉంది, ఎడమ కంట్లో చాలా మేర పోయింది. ఎదురుగా ఉన్న అక్షరం చదువుతారు గానీ ఎడమ పక్క నిలబడ్డ మనిషిని చూడలేరు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి అని చుక్కల మందు రాసిచ్చింది. లేవబోతుంటే, మీరు బండి నడపడం మానేస్తే మంచిది అంది. తిరుగు ప్రయాణంలో బండి ఆయనే నడిపారు. నేను డాక్టరమ్మ మాట ఎత్తితే, మానేస్తే మంచిదంది గానీ మానెయ్యమనలేదుగా అన్నారు. మంచివి లోకంలో చాలా ఉంటాయని కూడా అన్నారు. 

తర్వాత ఒక సాయంత్రం తెర మీద పియెంజా దాటుతున్నాం. తెరకి ఎడమ అంచున ఒక ఇంటి ముందు ఒకావిడ దుప్పట్లు ఆరేస్తోంది. ఆ ఫొటోలు పెట్టినవాళ్లు ఆవిడ మొహం మసక చేసేశారు. తీగ నిండా ఎన్ని దుప్పట్లో, పాపం ఎంతమందికి చాకిరీ చేస్తోందో అన్నాను. ఎక్కడ అన్నారు మావారు. వేలు పెట్టి చూపిస్తే తల మొత్తం తిప్పి చూసి, ఓ, అవును అన్నారు. అని బాణం నొక్కేశారు. ఆవిడా దుప్పట్లూ వెనక్కి వెళ్లిపోయాయి. ఆ తర్వాత చాలా రోజులు నేను తెర కుడివైపు ఉన్న వాటి గురించే మాట్లాడేదాన్ని.

ఇంకో మనిషి కూడా ఆ సంగతి కనిపెట్టాడు. మావారి కంపెనీలో డ్రైవరు, జగిత్యాల వైపు మనిషి. పదిహేనేళ్లుగా సైట్‌లో మావారి కిందే డ్యూటీ. ఒకరోజు ఫైలు ఇవ్వడానికి ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి వెళ్లకుండా చెప్పులకేసి చూసుకుంటున్నాడు. ఏమయిందని అడిగాను.

“మేడం, సార్‌కు చెప్పకుండ్రి. చెప్పకుంట ఉండబుద్ధి గూడ ఐతలేదు నాకు. మొన్న సైట్ల సార్ బండి దీస్తుంటె ఎడమ దిక్కు డ్రమ్ములు పెట్టి ఉన్నయ్. రెండు గుద్దిండు. గుద్దినంక గూడ ఎందుకు ఆగిందో అని సార్‌కు సమజ్ గాలే. నేనే గుద్దిన్నని కంపెనీల చెప్పిన. డ్రమ్ములైతె నేను చెప్తగని, మనిషైతె ఏం జెయ్యాలె మేడం?”

 మంచినీళ్లు తాగి వెళ్లమన్నాను గానీ నీళ్లు తేవడం మర్చిపోయాను.

మీరు కొండ దారుల్లో బండి నడపకూడదు అని నేను ఆయనకి చెప్పాలి. అంతే, ఒక్క వాక్యం. బళ్లో ముప్ఫై మంది పిల్లల్ని ఒక్క అరుపుతో నోరు మూయించే దాన్ని, ఈ ఒక్క వాక్యం నా నోట రాలేదు. ఆయన కోప్పడతారని కాదు. ఆ కోపం నాకు అలవాటే, అయిదు నిమిషాలు. చెప్పిన క్షణం ఆ తెర మూసేస్తారని, మళ్లీ తెరవరని నా భయం. ఆయన జీవితంలో అడిగిన ఒక్క కోరిక మీద నా చేత్తో నేనే నీళ్లు పొయ్యాలి. ఆ ఊళ్లేమో నిట్టనిలువు కొండల మీద ఉన్నాయి, రోడ్డు పక్కన చాలా చోట్ల అడ్డుగోడ కూడా లేదు, మేం రోజూ చూస్తూనే ఉన్నాం.

నాకూ లైసెన్సు ఉంది. ఊరికే రాలేదు. ఇనప డ్రమ్ముల మధ్య బండి వెనక్కి పెట్టే పరీక్ష రెండుసార్లు తప్పాను. రోడ్డు పరీక్ష మూడుసార్లు తప్పాను. ఆ పోలీసాయన నన్ను చూడగానే నవ్వడం మొదలుపెట్టాక గానీ పాసవలేదు. ఎనిమిదేళ్లుగా బడికీ, సూక్ బజారుకీ, కూరగాయలకీ నేనే నడుపుకుంటాను. కానీ మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ చెప్పింది కాదు, ఎక్కడా రాసింది కాదు. మగాయన బండి దగ్గరికి వచ్చాడంటే ఆడది దిగిపోతుంది. నేను మస్కట్ ఎయిర్‌పోర్టుకి వెళ్లి, తెల్లవార్లూ విమానంలో కూర్చుని కళ్లు మూతలు పడుతున్న మనిషిని ఎక్కించుకోబోతే, ఆయన పెట్టె వెనక పెట్టి వచ్చి డ్రైవరు వైపు, అంటే ఇక్కడా ఇటలీలోనూ ఎడమ పక్క, తలుపు దగ్గర నిలబడతారు.  నేను బెల్టు తీసి, దిగి, చుట్టూ తిరిగి అటు పక్క కూర్చుంటాను. ఇక్కడ మా తెలుగు స్నేహితులందరి ఇళ్లలోనూ ఇదే తంతు. మేము ఆడవాళ్లం దీని మీద జోకులు వేసుకుంటాం, వేసుకుంటూనే దిగుతాం.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, ఆయన సైట్‌లో ఉండగా, కారు బుక్ చెయ్యడానికి కూర్చున్నాను. సెలవుల్లో కార్లు అయిపోతాయని రోజూ నన్ను తొందరపెడుతున్నది ఆయనే. హోటళ్లు ఆయన, కారు నేను అని పని పంచుకున్నాం. ఫారంలో డ్రైవరు పేరు అని ఒక గడి వచ్చింది. దాని కింద రెండో డ్రైవరు ఉంటే వారి పేరు అని ఇంకో గడి. చాలాసేపు ఆ రెండు గడుల వైపే చూశాను. తర్వాత మొదటి గడిలో నా పేరు కొట్టాను. రెండో గడి ఖాళీగా వదిలేసి బుక్ చేసేశాను. నోటితో చెప్పలేని దాన్ని దొంగచాటుగా వేలితో చేశాను. చేసి, లేచి వెళ్లి, అవసరం లేకపోయినా బీరువా సర్దాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, దొంగతనం చెయ్యడానికి కూడా తెలివి ఉండాలి. ఆ రాత్రి భోజనాలప్పుడు ఆయన తన ఫోన్ కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని ఆ బుకింగ్ కాగితం చదివారు. ఒకసారి పైనుంచి కిందకి, మళ్లీ కింద నుంచి పైకి.  పేరు సంగతి ఎత్తుతారని, ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటుంటే, ఆయన మెల్లిగా నవ్వడం మొదలుపెట్టారు.

“గేరు బండి బుక్ చేశావ్.”

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమయి ఒళ్లు మండిపోయింది, నా మీద నాకే. ఇక్కడ మా చుట్టుపక్కల ఎవరి కారు చూసినా ఆటోమేటిక్కే. నేను నేర్చుకున్న బండి అదే, ఎక్కిన బండి అదే, దిగిన బండి అదే. ఇండియాలో నేను ఏనాడూ స్టీరింగు ముట్టుకోలేదు. కారు అంటే కాళ్ల కింద రెండు పెడల్స్ ఉంటాయి, అంతే నా లెక్క. ఇటలీలో అడక్కపోతే గేరు బండే ఇస్తారని, ఆటోమేటిక్ కావాలంటే ప్రత్యేకంగా చెప్పాలని నాకేం తెలుసు. నా లైసెన్సు మీద ఆటోమేటిక్ మాత్రమే అని రాసి ఉంటుంది. అంటే నా పేరు మీద, నేను ఒక్క గజం కూడా నడపలేని, నడపడానికి చట్టం ఒప్పుకోని బండిని చక్కగా బుక్ చేశాను. దాన్ని నడపగలిగిన మనిషి పేరు మాత్రం రాయలేదు.

పేరు గురించి ఆయన ఒక్క మాట అనలేదు. కావాలనే రాయలేదని ఆయనకి తెలిసింది, తెలిసిందని నాకూ తెలిసింది. సరేలే, అక్కడ కౌంటరు దగ్గర నా పేరు రాయిద్దాం, నువ్వు రెండో డ్రైవరుగా ఉందువుగాని అన్నారు. పెరుగు వడ్డించుకుంటూ, కొండల్లో గేరు బండే సుఖం అని కూడా అన్నారు. ఎన్నాళ్లకో ఆ మొహంలో వెలుగు. బుకింగ్ మార్చడానికి నాలుగు నొక్కులు చాలు. కానీ మార్చాలంటే ఎందుకు మారుస్తున్నానో చెప్పాలి. చెప్పలేదు. తర్వాత రోజుల్లో తెర ముందు కూర్చున్నా నాకు ఊళ్లు కనిపించలేదు, రోడ్డు అంచులే కనిపించాయి.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం పొద్దున, రెండో డ్రైవరుకి కొండ దారి అలవాటు కావాలి కదా, జబల్ అఖ్దర్ కొండ మీదకి నేను నడుపుతాను అన్నాను. గెలిచిన మనిషి ఉదారంగా ఉంటాడు. అలాగే నడుపు అన్నారు. కంపెనీ బండి తీసుకున్నాం, ఫోర్ వీల్ ది, ఆటోమేటిక్కే. కొండ మొదట్లో పోలీసులు బండీ లైసెన్సూ చూసి గానీ పైకి వదలరు. ఆ కుర్ర పోలీసు నా లైసెన్సు చూసి, పక్కన కూర్చున్న మావారిని చూసి, ముందుకి పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆ ఎక్కుడు నేను మర్చిపోలేను. రోడ్డు వంపు వంపుకీ పైకి తేలుతూ పోతోంది, చెవులు మూసుకుపోతున్నాయి, కిందనున్న ఊళ్లు అరచేతంత అయి తర్వాత బూడిద రంగులో కలిసిపోయాయి. మావారు పరీక్ష పెట్టే పోలీసులాగా కూర్చున్నారు. మధ్య మధ్య, బ్రేకు మీద అంతసేపు కాలు పెట్టకు అనడం తప్ప అరవలేదు. పైకి వెళ్లేసరికి గాలి చల్లబడింది. కొండ కొమ్ముకి మెట్లు మెట్లుగా పొలాలు, మెట్ల నిండా గులాబీలు. పన్నీరు కాచే రోజులు అవి. కట్టెల పొగా, ఉడుకుతున్న రేకుల వాసనా కలిసి బండిలోకి వచ్చాయి. ఒక ఇంటి ముందు పందిరి మీద ద్రాక్షతీగ చిగుళ్లు వేస్తోంది. మా సాయంత్రాల్లోని ఊరు ఏదో తెర చించుకుని ఇక్కడ పడినట్టుంది. కాసేపు నాకు అన్నీ మర్చిపోయి హాయిగా అనిపించింది. ఆయన కూడా అద్దం దించి, కళ్లు మూసుకుని ఆ వాసన పీలుస్తున్నారు.

ఆ హాయిలోనే ఒక సందులోకి తిప్పాను. రెండు పక్కలా రాతి గోడలు, బండి పట్టీ పట్టనట్టు ఉంది. పోగా పోగా సందు చివర పొలాలకి నీళ్లు వెళ్లే ఫలజ్ కాలువ అడ్డం వచ్చింది. ముందుకి దారి లేదు, తిప్పుకునే జాగా లేదు, వచ్చినంత దూరం వెనక్కి వెళ్లాలి. మావారు బెల్టు తీశారు. నేను వెనక నిలబడి చెబుతాను, నువ్వు రానీ అన్నారు. వెనక కెమెరా ఉందిగా అంటే, దాన్ని నమ్ముకుంటే గోడకి గీసుకుంటావ్ అని దిగిపోయారు. ఇరవై ఏడేళ్లు టిప్పర్లని, రోలర్లని చేత్తో వెనక్కి నడిపించిన మనిషి. సందులో బండి వెనక నిలబడి చెయ్యెత్తి, రానీ, రానీ అని పిలవడం మొదలుపెట్టారు.

వస్తున్నాను. కొంచెం వచ్చాక నా పక్క అద్దంలో ఎడమ గోడకున్న చిన్న తలుపు తెరుచుకుంది. ముసలాయన ఒకరు, నెత్తి మీద పచ్చగడ్డి మోపుతో, వంగి బయటికి వచ్చారు. బండి వస్తోందని చూసి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఇంకో రెండడుగులు వస్తే నా బండికీ గోడకీ మధ్య ఆయన నలిగిపోతారు. మావారికి ఆయన ఎంత దూరమో తెలుసా, చెయ్యి చాస్తే భుజం తగిలేంత దూరం. మావారు అటు తిరగలేదు. రానీ, రానీ అంటూనే ఉన్నారు. నేను బ్రేకు తొక్కి పట్టాను.

“ఆగావేం? అంతా ఖాళీనే. నేను చూస్తున్నాగా, రానీ.”

 నేను కదల్లేదు. ఆయన మళ్లీ చెయ్యి ఊపారు. ముసలాయన ఆ చెయ్యి చూశారు, అద్దంలో నన్ను చూశారు, తర్వాత మావారి మొహంలోకి కాస్త వంగి చూశారు. ష్వై ష్వై అన్నారు, మెల్లగా మెల్లగా అని. చెవి పక్కనే మనిషి గొంతు వినపడేసరికి మావారు ఉలిక్కిపడి తల మొత్తం ఎడమవైపు తిప్పారు. ముసలాయన్ని చూశారు, గోడని చూశారు, ఎదురుగా నా బండి ఎక్కడ ఆగిందో చూశారు. ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయారు.

ముసలాయన గడ్డిమోపు తలుపు లోపలికి దించారు. మావారి మణికట్టు పట్టుకుని, నడిరోడ్డు మీద చిన్నపిల్లాణ్ణి పట్టుకున్నంత జాగ్రత్తగా కుడివైపుకి తీసుకెళ్లి, ఒక రాతి గుమ్మం మీద కూర్చోబెట్టారు. తర్వాత తనే వచ్చి నా వెనక నిలబడి, రెండు చేతులూ ఎత్తి, సందు మొదటిదాకా నన్ను వెనక్కి నడిపించారు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మావారు గుమ్మం మీద కూర్చుని, ఇంకో మనిషి తన భార్యకి దారి చూపించడం చూస్తూ ఉండిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు. నెలల తరబడి నేను నోరు కుట్టుకుని దాచిన మాటని, పేరు కూడా తెలియని మనిషి చెయ్యి పట్టుకుని ఒక నిమిషంలో చెప్పేశారు. ఆయన మీద కృతజ్ఞత కన్నా నా మీద సిగ్గే ఎక్కువ వేసింది.

సందు బయట బండి ఆపి, కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ బెల్టు తీసి దిగాను. మావారు నడిచి వస్తున్నారు. డ్రైవరు వైపు తలుపు నేను తెరిచి పట్టుకున్నాను, ఎప్పటిలాగే. ఆయన నా ముందు నుంచి బండి చుట్టూ తిరిగి కుడి పక్కకి వెళ్లారు. తలుపు తీసుకుని కూర్చుని, బెల్టు పెట్టుకుని ఎదురుగా చూస్తూ ఉన్నారు. నేను ఆ తెరిచిన తలుపు పట్టుకుని కాసేపు ఎండలో నిలబడి, మళ్లీ ఎక్కాను.

 దిగేటప్పుడు ఒకచోట, లివరు లాగి చిన్న గేరులో పెట్టు, బ్రేకులు వేడెక్కుతాయి అన్నారు. పెట్టాను.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ తెరుస్తారని నేను అనుకోలేదు. అయిదున్నరకి తనే తెరిచి నా వైపు తిప్పారు. ఆ బండి మార్చి నువ్వు నడపగలిగేది తీసుకో, పేరు నీదొక్కటే ఉండనీ అన్నారు. నేను ఒకటికి రెండు తప్పులు కొడుతుంటే, నిదానంగా చెయ్యి, కార్లెక్కడికీ పోవు అన్నారు. నేను మార్చేలోపు లేచి వెళ్లి ఫ్రిజ్ మీది కాగితం ఊడదీసి తెచ్చారు. అంతే, చింపేస్తారు అనుకున్నాను. చింపలేదు. బల్ల మీద పెట్టి, పెన్సిలు నా చేతికిచ్చారు.

“దీన్ని కింద నుంచి పైకి మళ్లీ రాయి. ఇటు నుంచి వెళితే పియెంజా దగ్గర లోయంతా ఎడమ చేతి పక్క పడుతుంది. నేను నడుపుతాను కదా, నా కిటికీలోంచి కనపడుతుందని అలా పెట్టాను. ఇప్పుడు నేను అటు పక్క కూర్చుంటాను. అవతలి నుంచి వస్తే లోయ కుడివైపు వస్తుంది. కుడివైపు నాకింకా బాగానే కనిపిస్తోంది.”

కొండ దారిలో లోయ ఒక పక్కనే నిలబడి ఉండదు. రోడ్డు వంపు తిరిగితే అదీ తిరిగి రెండో పక్కకి వస్తుంది. జీవితమంతా కొండలకి రోడ్లు వేసిన మనిషికి ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు.  ఆయన వేలు పెట్టి ఒక్కో పేరూ కింద నుంచి చెబుతున్నారు. నేను పెన్సిలు పట్టుకుని, ఫ్లోరెన్స్ తర్వాత సాన్ జిమిన్యానో అని మొదట రాశాను.